కొడుకు వంతు బెల్లం

1950 ఎండకాలం. డోర్నకల్ జంక్షన్‌కు కొంచెం ఎడంగా, రైలు కూత వినిపించేంత దూరంలో ఉన్న ఒక చిన్న దవాఖానలో నేను పనిచేస్తున్నాను. రెండు వార్డులు, ఒక మందుల గది, వెనకవైపు పెంకుల వసారాలో నా వంటిల్లు. దాన్ని డైట్ కిచెన్ అనేవారు. డైట్ అంటే ఏ రోగికి ఏది, ఎంత, ఏ వేళకు పెట్టాలో డాక్టరు చెప్పిన తిండి. మామూలు వంటింటికీ దానికీ తేడా ఏమిటంటే, నా పొయ్యి పక్కన తిండి తూచడానికి ఒక చిన్న తరాజు ఉండేది. ఇప్పుడు ఈ పని చేసేవాళ్లను డైటీషియన్ అంటున్నారు, పెద్ద చదువులు చదివి వస్తున్నారు. అప్పుడు ఆ పేరు మా దాకా రాలేదు. రోగులు నన్ను ‘డైటమ్మ’ అని పిలిచేవారు. నా పేరు సుగుణమ్మ అని తెలియకుండానే చాలామంది నయమై ఇళ్లకు వెళ్లిపోయారు.

మాది జనగామ. నేను బడి మొహం చూడలేదు. మా నాయిన దర్జీ. మిషను తొక్కుతూనే నాకు అక్షరాలు, ఎక్కాలు చెప్పాడు, బైబిలు చదివించాడు. దవాఖానలో పనికి చేరాక పెద్ద నర్సమ్మ పక్కన నిలబెట్టుకొని ఏ రోగానికి ఏ తిండో నేర్పింది. చదువు లేని నాకు ఇంత చదువు చెప్పిన ఆ ఇద్దరినీ రోజూ ప్రార్థనలో తలుచుకుంటాను. పొయ్యి వెలిగించే ముందు నా ప్రార్థన చిన్నదే: ఈ పూట నా చేతి వంట ఎవరికీ కీడు చేయకూడదు.

చక్కెర రోగమంటే అప్పటి జనానికి పెద్దగా తెలియదు. మూత్రంలో చక్కెర ఉందో లేదో చూడటానికి మా దగ్గర బెనెడిక్ట్ టెస్టు ఉండేది. గాజు గొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి కాస్తారు. నీలంగానే ఉంటే మంచిది. ఆకుపచ్చగా మారితే కొంచెం చక్కెర ఉన్నట్టు. పసుపు పచ్చగా మారితే ఎక్కువ. ఇటుక రంగు తిరిగితే చాలా ఎక్కువ. రోగి అబద్ధం చెప్పినా ఆ గొట్టం చెప్పదు అనేవారు మా డాక్టరమ్మ.

ఆ ఎండల్లోనే లచ్చవ్వను ఎడ్లబండిలో తెచ్చారు. భూపాలపల్లి వైపు అడవి అంచు పల్లె ఆమెది. తునికాకు కోసుకొని, ఇప్పపూలు ఏరుకొని బతికిన మనిషి. అప్పటికి సాయుధ పోరాటం అడవుల్లోకి చేరింది. దళాలకు తిండి అందకుండా పోలీసులు అడవి పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని పెద్ద ఊళ్లకు తరలిస్తున్నారు. లచ్చవ్వ గుడిసె విడిచి, నర్సింహులపేటలో కాపురం ఉంటున్న కూతురు సారక్క దగ్గరికి వచ్చింది. దారిలో కాలి చిటికెన వేలి కింద తుమ్మముల్లు దిగింది. ముల్లు తీసినా పుండు మానలేదు. ఒక్కడే కొడుకు, మల్లయ్య. అతను మాత్రం అడవిలోనే, దళంతో ఉన్నాడు. ఆ మాట తల్లీ కూతుళ్లు మాతో అనలేదు. వార్డులో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

మా డాక్టరమ్మ బెజవాడ వైపు నుంచి వచ్చినావిడ. ఓపికస్తురాలు. పుండు చూసి, టెస్టు చూసి నన్ను పక్కకు పిలిచారు.

“సుగుణా, ఈవిడకి షుగర్ బాగా ఉంది. అది దిగితేనే పుండు మానుతుంది. దిగకపోతే ముందు వేలు తీసెయ్యాలి. అక్కడితో ఆగుతుందని కూడా నేను చెప్పలేను.”

మంచం మీది నుంచే లచ్చవ్వకు ఆ మాట వినబడింది. “వేలు తీస్తరో, కాలు తీస్తరో, నేను మాత్రం మేడారం దాక నడిచి పోవాలె. నాకు మొక్కున్నది. ముందుగాల్నే చెప్తున్న” అన్నది, మాతో బేరం ఆడుతున్నట్టు.

ఇన్సులిన్ సూదిమందు మాకు రైల్లో వచ్చేది. ఆ రోజుల్లో రైలు ఏనాడు వస్తుందో, ఏనాడు ఆగిపోతుందో తెలియదు. ఉన్న సీసాలను పదిలంగా వాడుకోవాలి. మందు పెంచుదామంటే మందు లేదు. అందుకని భారమంతా తిండి మీద పడింది, అంటే నా వంటింటి మీద. పొద్దున జొన్నరవ్వతో ఉడికించిన గట్క, మజ్జిగ. మధ్యాహ్నం జొన్నరొట్టె, పెసరపప్పు, తోటకూర. సాయంత్రం మళ్లీ కొద్దిగా గట్క, ఏదో ఒక కూరగాయ. అన్నీ తూచి పెట్టేదాన్ని. ఆమె మంచం నా వంటింటి తలుపుకు ఎదురుగా ఉండేది కాబట్టి తూకమంతా చూస్తూ ఉండేది.

“ఏంది బిడ్డా, కంసాలోని లెక్క గట్కను తూస్తున్నవ్?”

“నీ కాలు కోసమే అవ్వా.”

“నా కాలు గట్క తింటదా?”

వార్డంతా నవ్వింది. ఆమెకు ఇంకా ఉత్సాహం వచ్చింది. “మా బర్రెకు గూడ గింతకన్న ఎక్కువ పెడ్తుంటి.”

“బర్రె పాలిచ్చింది. నువ్వు ఏమిస్తవు?”

“తిట్లిస్త. కావాల్నా?”

పక్క మంచం ఆమె, అందరూ అడిగే మాటే అడిగింది: “చక్కెర రోగమొస్తే పండుగనాడు గూడ ఏం తినొద్దా డైటమ్మా?”

“తినాలె. పండుగనాడు నోరు కట్టేసుకుంటే తెల్లారి దొంగతిండి తింటం. ఒక గారె తిను, దాని బదులు ఒక రొట్టె తగ్గించుకో. నలుగురిల కూసొని తిను, నిమ్మళంగ తిను. పండుగ అయిపోయినంక మాత్రం డబ్బా మూత పెట్టు. పండుగను పట్టుకొని నెలంత గుంజితేనే పరేషాన్” అని చెప్పాను. ఈ మాట నేను అప్పటి నుంచి ఇప్పటి దాకా మార్చలేదు. మార్చే అవసరం రాలేదు.

అంత తూచి పెట్టినా లచ్చవ్వ టెస్టు మాత్రం దిగలేదు. రోజూ పసుపు, లేకపోతే ఇటుక రంగు. ఏమైనా తిన్నావా అని అడిగితే “నువ్వు పెట్టిందే బిడ్డా, ఇంకొక మెతుకు ముట్టలే” అనేది. ఆయాలు సారక్క మీద అనుమానపడ్డారు. కూతురు చాటుగా ఏదో తెచ్చి పెడుతోందని. డాక్టరమ్మ ఆమెను వార్డు గడప దగ్గరే ఆపి అడిగారు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఏం తిండి తేలేదమ్మా. సమ్మక్క తోడు. మా అవ్వ కాలు పోతే నాకేం మంచిగుంటదా?”

నాకు ఆ ఇద్దరి మొహాల్లోనూ అబద్ధం కనబడలేదు. నా తరాజు తప్పలేదు. గాజు గొట్టమూ తప్పలేదు. అన్నీ నిజమే చెబుతుంటే, అడగని సంగతి ఏదో ఒకటి ఉండి తీరాలి.

పుండు అంచు నల్లబడటం మొదలైంది. “సోమవారం వేలు తీసేద్దాం. ఇంకా ఆగితే పాదం మీదికి పాకుతుంది” అన్నారు డాక్టరమ్మ. ఆ మాట లచ్చవ్వకు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. వేలి వంక చూసుకొని, “వేలు లేకుంట అంత దూరం నడుస్తరా ఎవరన్న?” అని మాత్రం అడిగింది.

మర్నాడు ఆయా రాకపోవడంతో టెస్టుకు సీసా తీసుకోవడానికి తెల్లవారుతుండగా నేనే వార్డులోకి వెళ్లాను. లచ్చవ్వ మంచం మీద తూర్పుకు తిరిగి కూర్చొని ఉంది. కొంగుముడి విప్పి ఏదో తీసి కళ్లకద్దుకుంది. కళ్లు మూసుకొని నోట్లో వేసుకుంది. మళ్లీ ఇంకొకటి తీసి, మళ్లీ అద్దుకొని, అదీ వేసుకుంది. దాచుకొనే తీరు కాదది. మా నాయిన బైబిలు తెరిచే ముందు కూర్చొనే తీరులో కూర్చొని ఉంది.

అయిపోయేదాకా ఆగి దగ్గరికి వెళ్లాను. “అవ్వా, అదేంది?”

“తల్లి బంగారం.” ఏ తడబాటూ లేదు.

మేడారం జాతరలో సమ్మక్క తల్లికి బెల్లం మొక్కుతారు, దాన్ని బంగారం అంటారు. ఆ దిక్కున పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. తల్లి కొలువుండే గద్దె మీది నుంచి కొంత ప్రసాదంగా ఇంటికి తెచ్చుకుంటారు.

“బెల్లమే కదా అవ్వా?”

“దుకాన్ల ఉన్నన్ని రోజులు బెల్లం. గద్దె మీద పెట్టినంక బంగారం.”

“మరి ఏం తినలేదని చెప్పితివి?”

“తిండి సంగతి అడిగినవ్, చెప్పిన. గిది తిండెట్లయితది? ప్రసాదాన్ని తిండి లెక్కల ఎవరన్న రాస్తరా? నువ్వు పూజ చేస్కుంటవ్ గద, నీకు తెల్వదా?” అన్నది నన్నే తప్పుపడుతూ.

కొంగులో ఇంకో ముక్క ఉంది. నిమ్మకాయంత. “గింత పెద్దదెందుకు? అదీ రెండు?”

అప్పుడు గొంతు తగ్గించింది. “ఒకటి నాది. ఒకటి వానిది.” అడవి దిక్కు చెయ్యి చూపింది. “బువ్వ తీస్కపోనిస్తలేరు గద బిడ్డా. ఆడ చింతచిగురు నమిలి పండుకుంటున్నరట. వాని వంతు బంగారం వాని నోట్లెకు పోవాలె. నేను తినకుంటె ఎవరు తింటరు? వాడు కడుపుల ఉన్నప్పుడు నేను తింటేనే వానికి పోయింది. గిప్పుడు పోదా?”

పొద్దున ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి. కొడుకు తిరిగి వచ్చేదాకా తప్పొద్దని జాతరలో మొక్కుకొని వచ్చిందట. ముడి ఖాళీ అయినప్పుడల్లా సారక్క ఇంట్లో దాచిన ముద్దలోంచి విరిచి తెస్తోంది. సారక్క ఒట్టు కూడా నిజమైన ఒట్టే. ఆమె తిండి తేలేదు.

ఆ ముక్కను ఆమె కొంగులోనే ఉంచి నేను వసారాలోకి వచ్చాను. బెల్లం మానెయ్యమని చెప్పడం సులువు. కానీ ఆ తల్లికి అది కొడుకు నోటి దగ్గరి ముద్ద లాగెయ్యమని చెప్పినట్టే. కాలు పోయినా ఆమె ఆ పని చెయ్యదు. మొక్కు తీసెయ్యకుండా బెల్లం తగ్గించాలి. అది ఎట్లాగో ఆ వసారాలో నడుస్తుండగానే నాకు తోచింది. ఎవరు తోపించారో వారికి అక్కడే కృతజ్ఞత చెప్పుకొని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ అంతా విని కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. “మానెయ్యమంటే మానదంటావా?”

“మానదమ్మా. ఇప్పుడు ఎదురుగా తింటోంది. వద్దంటే దాచుకొని తింటుంది.”

“అయితే ఎదురుగా తినడమే మేలు. ఎంతకి దించగలవు?”

“చింతగింజంత.”

“దించగలిగితే సోమవారం కత్తి పట్టుకోను. ఇంకొన్ని రోజులు చూస్తాను. కానీ సుగుణా, అంతకు మించితే నా దగ్గర మందు లేదు” అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు వెసులుబాటు ఇచ్చిన మనిషి ఆవిడ. ఇంకొకరైతే ఇచ్చేవారు కాదేమో.

లచ్చవ్వ మంచం మీద ఒక చివరన కూర్చున్నాను. “అవ్వా, మా చర్చి గుళ్లె గూడ ప్రసాదం అసొంటిది ఒకటుంటది. రొట్టె. అయ్యగారు ఎంత పెడ్తరో తెలుసా? గోరంత.”

“గోరంతేనా? గంత పీనాసోడా మీ అయ్యగారు?”

నాకు నవ్వాగలేదు. “పీనాసితనం కాదు. దేవుని దగ్గర గోరంతైనా గంపెడైనా ఒక్కటే.”

“మరి నువ్వు తూస్తవ్ గద?”

“నేను దేవుణ్ణి కాదు గద అవ్వా, గట్క వండుకునేదాన్ని. నాకు తూచక తప్పదు. నీ వంతు బంగారం చింతగింజంత చేస్కో. పొద్దుగాల ఒకటి, పొద్దుగూకంగ ఒకటి. మొక్కు తప్పదు. దాని పేర ఒక చెంచ గట్క తగ్గిస్త.”

“బంగారానికి గట్కల కోత పెడ్తవా?” అని గుర్రుగా చూసింది గానీ కాదనలేదు. తరవాత అసలు మాట అడిగింది. “మరి వానిది?”

ఎదురు మంచంలో బయ్యారం పిల్ల కొమురమ్మ ఉంది. ఆరేడేళ్లుంటాయి. విషజ్వరం దిగి ఎముకల గూడులా మిగిలింది. తీపి, బలం రెండూ కావలసిన ఒళ్లు. బెల్లం కలిపిన జావ పంపితే మూతి తిప్పుకొని గిన్నె తోసేస్తోంది. ఎవరు బతిమాలినా నోరు విప్పడం లేదు.

“వాని వంతు గా పిల్ల నోట్లె వెయ్యి అవ్వా.”

“గా పిల్ల తింటే వానికెట్ల పోతది?”

“నాకు తెల్వదు. నీ నోట్లెకెల్లి వానికి పోతదని నమ్ముతున్నవ్ గద. గా పిల్ల నోట్లెకెల్లి గూడ పోతదని జర నమ్ము. రెండు ముక్కలు నువ్వే తింటే మాత్రం నీ వేలు పోతది. వేలు పోతే, కాలు పోతే, మొక్కు ఎట్ల తీరుస్తవ్?”

నేను వంటింట్లోకి వచ్చి పొయ్యి ఎగదోస్తున్నాను. వెనక నుంచి గొంతు వినబడింది.

“ఓ పిల్లా. గిట్ల రా. రాలేవా? సరే, నేనే వస్త.” పుండు కాలు నేలకు ఆనించకుండా, మంచం కోడు పట్టుకొని, సారక్క భుజం పట్టుకొని ఆ మంచం దాకా వెళ్లింది. “నోరు తెరువు. గిది మా మల్లిగానిది. ఉమ్మేస్తే తంత.”

వార్డులో తలలన్నీ అటు తిరిగాయి. ఆ పేరు అక్కడ పైకి పలకడం అదే మొదలు. కొమురమ్మ భయపడి నోరు తెరిచింది. తీపి తగిలాక మూసుకుంది. నమిలింది. లచ్చవ్వ ఆ పిల్ల గొంతులో ముద్ద దిగేదాకా కళ్లార్పకుండా చూసి, “ఆఁ, పోయింది” అన్నది. ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు.

ఆ రోజు నుంచి పొద్దున్నే లచ్చవ్వ నా తరాజు దగ్గరికి ముక్క పంపేది. నేను చింతగింజంత తుంచి తిరిగి పంపేదాన్ని. మిగిలింది కొమురమ్మకు. నోట్లో తీపి ఉండగానే జావ గిన్నె అందిస్తే ఆ పిల్ల తాగేసేది. గాజు గొట్టంలో ఇటుక రంగు పోయింది. పసుపు పచ్చ దగ్గర కొన్నాళ్లు నిలిచి ఆకుపచ్చకు తిరిగింది. సోమవారం డాక్టరమ్మ కట్టు విప్పి, వంగి చూసి, “ఆగుదాం” అన్నారు. తరవాతి వారం పుండు అడుగున ఎర్రటి కండ కనబడింది. వేలు దక్కింది. డాక్టరమ్మ సూది, కట్టు, నా గట్క, సారక్క చాకిరీ, అన్నీ కలిస్తేనే దక్కింది. ఏ ఒక్కటి తక్కువైనా దక్కేది కాదు.

ఇంటికి పోయే రోజు చెప్పులు లేకుండా నడవొద్దని, చింతగింజ దాటొద్దని, కొడుకు వంతు ఎవరైనా చిన్నపిల్ల నోట్లో వెయ్యమని, గట్క తూచుకోవడానికి తరాజు లేకపోతే పిడికిలితో కొలుచుకోమని చెప్పి పంపాను. “తిట్లు ఇయ్యకుండనే పోతున్న, చూడు” అన్నది బండి ఎక్కుతూ.

మరుసటి ఏడాది చివర్లో పోరాటం ఆగిందన్న కబురు వచ్చింది. అడవిలోంచి మనుషులు ఒక్కొక్కరే ఇళ్లకు చేరుతున్నారు. కొన్ని వారాల తరవాత ఒక పొద్దున నా వంటింటి గడపలో లచ్చవ్వ నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. స్టేషన్ నుంచి నడిచే వచ్చింది. పక్కన గడ్డం మాసిన పొడుగాటి మనిషి. చొక్కా వంకెకు తగిలించినట్టు ఉంది.

“గీడే” అన్నది.

మల్లయ్య దండం పెట్టాడు.

“వీడు తిరిగొస్తే నిలువెత్తు బంగారం ఇస్తనని తల్లికి మొక్కిన బిడ్డా. మనిషిని ఒక దిక్కు, బెల్లం ఒక దిక్కు పెట్టి తూచాలె. వచ్చే మాఘంల జాతర.” ఆమె నా తరాజు వంక చూసింది. “దీని మీద తూస్తవా?”

“దీని మీద వీని బొటనవేలు గూడ ఆగదు అవ్వా.”

“అయినా గిప్పుడు తూచను. గిట్ల బొక్కలు తేలినోన్ని తీస్కపోయి తూస్తే తల్లి ఏమనుకుంటది? లచ్చి బంగారం మిగుల్చుకుంది అంటది. జాతర దాక వీన్ని బరువెక్కియ్యాలె. ఏం పెట్టాలె, ఎంత పెట్టాలె, చెప్పు. తూచి చెప్పు.”

గట్కను తూస్తున్నానని నన్ను ఎగతాళి చేసిన మనిషి నోట ఆ మాట విని మల్లయ్య కూడా నవ్వాడు. పస్తులున్న కడుపుకు ఒక్కసారే దండిగా పెట్టకూడదు. మొదట పలచని జావ, పెసరకట్టు, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు. తరవాత గుడ్డు, పాలు, పప్పు, రొట్టె. చెబుతుంటే వేళ్లు మడుచుకుంటూ విన్నది. చివర్లో అడిగింది. “బయ్యారం పిల్ల మంచిగున్నదా?”

“బర్రెపిల్ల లెక్కున్నదట అవ్వా.”

“ఉండదా మరి? ఎవని వంతు తిన్నది!” అని కొడుకు వీపు మీద ఒకటి చరిచింది.

వెళ్లేముందు కొంగుముడి విప్పి, బంగారం చిన్న పలుకు తుంచి నా అరచేతిలో పెట్టింది. “గోరంతే. మీ అయ్యగారి లెక్క.” కళ్లకద్దుకొని నోట్లో వేసుకున్నాను.

ఆ తరవాత చాలా ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. తీపి మానెయ్యమని ఎవరికీ ఊరికే చెప్పలేదు. ఏం తిన్నావు అని మాత్రమే అడిగి ఊరుకోలేదు. తిండి అనుకోకుండా నోట్లో వేసుకున్నది ఏముంది అని కూడా అడిగాను. అప్పుడు చెబుతారు: ఒక్కపొద్దునాడు తిన్న అరటిపండ్లు, గుడిలో పెట్టిన పులిహోర, మనుమడు వదిలేస్తే పారెయ్యలేక తిన్న ముద్ద. వాళ్లు దాచింది ఏదీ లేదు. ఆ ముద్దల మీద ఇంకెవరి పేరో ఉంటుంది కాబట్టి తమ తిండి లెక్కలో వేసుకోరు, అంతే. అందుకని తరాజు బయటికి తీసే ముందు ఒక మాట అడగడం అలవాటు చేసుకున్నాను. అది ఎవరి వంతు?